ముందు ఫైళ్లు లెక్కపెట్టండి



కొత్తగా ఆఫీసు పెట్టుకునేవారు వడ్రంగి మేస్త్రీనో, ఇంటీరియర్ కాంట్రాక్టరునో పిలిచి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "చదరపు అడుగు ఎంత?" అని. ఆయన కూడా తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తాడు. వీరు ఇంకో ఇద్దరిని అడిగి, ముగ్గురిలో ఎవరు తక్కువ చెబితే వారికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. అప్పటికి ఆ కబోర్డు ఎంత లోతుండాలో, లోపల ఎన్ని అరలుండాలో, ఆ అరల్లో ఏం పెడతారో అడిగినవారికీ తెలియదు, చెప్పినవారికీ తెలియదు. ధర మాత్రం కుదిరిపోయింది!

ఈ చదరపు అడుగు ఏమిటో చూద్దాం. కబోర్డుకు ఎదురుగా నిలబడితే కనిపించే వెడల్పును ఎత్తుతో హెచ్చవేస్తే వచ్చేది. అందులో లోతు లేదు. లోపలి పార్టిషన్లు, అరలు, సొరుగులు లేవు. పెళ్లి భోజనానికి విస్తరి సైజును బట్టి రేటు కట్టినట్టుంటుంది. వడ్డించేది ఏమిటో ఎవరూ మాట్లాడుకోలేదన్నమాట. నేను ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయను. పని అయ్యాక మొత్తం ఖర్చును పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. బేరం మొదలుపెట్టడానికి మాత్రం పనికిరాదు.

కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది. కొన్ని అంకెలు చెబుతాను.

విజయవాడలో ఒక ఆడిటరుగారి ఆఫీసు అనుకుందాం. ఒక గదిలో రెండు గోడల మధ్య ఎనిమిదడుగుల ఖాళీ ఉంది. అక్కడ నేల నుంచి ఏడడుగుల ఎత్తున ఫైళ్ల కబోర్డు కట్టించాలి. డిజైను ఎక్కడ మొదలవ్వాలి? మైకా రంగు దగ్గర కాదు, ఫైలు దగ్గర. ఏటా ఎన్ని ఫైళ్లు కొత్తగా వస్తాయి? ఎన్నేళ్లు దాచాలి? జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు, రికార్డులు ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అంటే 2024–25 సంవత్సరం కాగితాలు 2031 డిసెంబరు ఆఖరు దాకా అరలో కూర్చునే ఉంటాయి. కంపెనీల లెక్కల పుస్తకాలైతే 2013 నాటి కంపెనీల చట్టం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. సరే, ఎనిమిదేళ్లు అనుకుందాం. ఏడాదికి 18 బాక్స్ ఫైళ్లు చేరతాయనుకుంటే మొత్తం 144. ఇదీ కబోర్డు సైజును నిర్ణయించే అంకె.

బాక్స్ ఫైలు ఎత్తు దాదాపు 14 అంగుళాలు, వెడల్పు 11, వీపు మందం 3. అర ఎత్తు 15 అంగుళాలు ఉంటే వేళ్లు దూర్చి ఫైలు లాగడానికి వీలవుతుంది. ఏడడుగుల్లో కింద నాలుగు అంగుళాల స్కర్టింగ్ పోగా, చెక్కల మందం తీసేస్తే సరిగ్గా అయిదు అరలు పడతాయి. ఎనిమిదడుగుల వెడల్పును మూడు గడులు చేస్తే, రెండు చివర్లా గోడ వంకరలు కప్పే ఫిల్లరు పట్టీలు పోగా, ఒక్కో గడిలో ముప్ఫై అంగుళాల పైచిలుకు దొరుకుతుంది. అంటే పది ఫైళ్లు. మూడు గడులు, అయిదు అరలు, అరకు పది. మొత్తం 150 ఫైళ్లు. మనకు కావలసింది 144. కుదిరింది.

మూడు గడులే ఎందుకు, రెండు చాలు కదా, ఒక పార్టిషన్ మిగులుతుంది కదా అని మేస్త్రీ అనవచ్చు. ఇక్కడ బరువు సంగతి చూడాలి. 75 జీఎస్‌ఎం ఏ4 కాగితాలు అయిదు వందలు కలిపితే 2.34 కిలోలు. బాక్సు బరువు కూడా కలుపుకుని నిండు ఫైలును మూడు కిలోలు అనుకోండి. పది ఫైళ్ల అర మీద 30 కిలోలు, అదీ ఏళ్ల తరబడి దించకుండా. చెక్క నడుము వంగడం పొడవుతో సమంగా పెరగదు. ఒకే వరసన బరువు పేర్చినప్పుడు వంపు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ముప్ఫై అంగుళాల గడిని నలభై ఆరు అంగుళాలు చేస్తే వంపు ఒకటిన్నర రెట్లు కాదు, అయిదు రెట్ల పైనే. పార్టిషన్ ఒకటి తగ్గిస్తే మిగిలేది షీటులో మూడో వంతు. దానికోసం అరలన్నీ రెండేళ్లలో ఉయ్యాల బల్లలు అవడం నాకు సమ్మతం కాదు. పొడవు తగ్గించలేని చోట మందం పెంచాలి. 18 మిల్లీమీటర్ల బదులు 25 వేస్తే గట్టితనం రెండున్నర రెట్లు దాటుతుంది. లేదా అర ముందు అంచుకు కిందివైపు ఒకటిన్నర అంగుళాల పట్టీ బిగించాలి. షట్టరు మూస్తే అది కనిపించదు కూడా.

మన పాత ఇళ్లలో ఈ తంటా లేదు. గోడలు కట్టేటప్పుడే అలమరకు గూడు వదిలేవారు. మందపాటి గోడలో కడప బండలు అరలుగా దింపి, ముందు టేకు తలుపులు బిగించేవారు. ప్లీడర్ల ఇళ్లలో ముందు గదిలో లా పుస్తకాలన్నీ అలాంటి అలమరల్లోనే ఉండేవి. బండ వంగదు, చెదకు లొంగదు. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు. దానిలో గూడు తొలిచే మాటే లేదు. గోడ ముందు పెట్టె కట్టి, గోడలో కలిసిపోయినట్టు కనిపించేలా చేయడమే ఇవాళ్టి గోడ అలమర. ఆ పెట్టె కట్టడానికి మన చేతిలో ఉన్న సరుకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటు. ధర గుట్టంతా ఆ షీటు కోతలో ఉంది.

నాలుగడుగులంటే 48 అంగుళాలు. దాన్ని నిలువునా మూడు ముక్కలు చేస్తే, రంపం తినేది పోను, ఒక్కోటి 16 అంగుళాలకు కాస్త తక్కువ వస్తుంది. నాలుగు చేస్తే 12కు కాస్త తక్కువ. రెండే చేస్తే 24కు కాస్త తక్కువ. ఇప్పుడు మన కబోర్డు చూడండి. రెండు చివర్లు, రెండు పార్టిషన్లు కలిపి నిలువు చెక్కలు నాలుగు. పైన ఒకటి, కింద ఒకటి. మధ్య అరలు గడికి నాలుగు చొప్పున పన్నెండు. ఒక్కో పొడవు ముక్కలో మూడేసి అరలు వస్తాయి కాబట్టి వాటికి నాలుగు ముక్కలు. మొత్తం పది పొడవు ముక్కలు. షట్టర్లు ఆరు. అవి ఒక్కోటి పదహారు అంగుళాల లోపు వెడల్పే కాబట్టి రెండు షీట్లలో అయిపోతాయి. వెనక వేసే ఆరు మిల్లీమీటర్ల ప్లై రెండు షీట్లు వేరు.

లోతు 16 అంగుళాలు పెడితే పది ముక్కలకు నాలుగు షీట్లు, షట్టర్లతో కలిపి ఆరు. మిగిలిన రెండు ముక్కల్లో స్కర్టింగ్, ఫిల్లరు వచ్చేస్తాయి. లోతు 12 పెడితే అయిదు షీట్లలో పని తేలుతుంది. కాని వెనక ప్లై పోగా బాక్స్ ఫైలు ఇరుకిరుకుగా కూర్చుంటుంది. లోతు 18 అంటే? షీటుకు రెండు ముక్కలే వస్తాయి, అయిదు షీట్లు కావాలి, షట్టర్లతో ఏడు. రెండు అంగుళాల లోతు కోసం ఒక షీటు ఎక్కువ. తమాషా ఏమిటంటే లోతు 24 పెట్టినా అవే ఏడు షీట్లు! మన ఊళ్లలో చాలామంది అలవాటుగా 18 అంటారు. ఎందుకు అంటే చెప్పరు. మిగిలిన పన్నెండు అంగుళాల ముక్కలు వేరే పనిలో పడితే మంచిదే. పడకపోతే అవి కాంట్రాక్టరు వ్యానులో వెళ్లిపోతాయి, డబ్బు మీదే. ప్రింటరు పెట్టాలంటే ఆ ఒక్క గడినే లోతు చేయించుకోండి. దాని కోసం వరస మొత్తాన్ని లావు చేయనక్కరలేదు.

ఇప్పుడు చదరపు అడుగుల లెక్కకు తిరిగి వద్దాం. ఈ కబోర్డు మొహం ఎనిమిది ఏడులు యాభై ఆరు చదరపు అడుగులు. దానిలోకి పోయిన మందపాటి ప్లై ఆరు షీట్లు, షీటుకు 32 చొప్పున 192 చదరపు అడుగులు. లోతు పన్నెండుకు తగ్గించి, అరలు మూడేసి చేసి, ఒక పార్టిషన్ తీసేసినా మొహం యాభై ఆరే. బిల్లు కూడా అదే. తక్కువ రేటు చెప్పిన మనిషి ఎక్కడ మిగుల్చుకుంటాడో ఇక వేరే చెప్పాలా? అలాగే ఎక్కువ చెప్పిన మనిషి మోసగాడు కానక్కరలేదు. ఆయన మనసులో సొరుగులు ఉన్నాయేమో. సొరుగు అనేది దానికదే ఒక చిన్న పెట్టె. నాలుగు పక్కలు, అడుగు, మొహం, ఒక జత ఛానెళ్లు, హ్యాండిలు, తాళం. అరకు పట్టే కూలికి దీనికి పట్టే కూలికి పొంతనే లేదు. కనుక సొరుగులను చదరపు అడుగుల్లో కలపకండి, విడిగా ఒక్కోటి ఇంత అని మాట్లాడుకోండి. సాధారణ టెలిస్కోపిక్ ఛానెళ్లు చాలావరకు 45 కిలోలు మోస్తాయని రాసి అమ్ముతారు. ఫైళ్ల సొరుగుకు అంతకంటే తక్కువ రకం వద్దు.

ప్లై రకం గురించి రెండు ముక్కలు. దుకాణంలో 303, 710 అని వినిపిస్తుంది. అవి భారతీయ ప్రమాణాల నంబర్లు. ఐఎస్ 303 మామూలు వాడకానికి, ఐఎస్ 710 మెరైన్ ప్లైకి. ఈ 710 జిగురు 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా విడిపోకూడదు. ఆఫీసు గదిలో ఫైళ్లను మనం ఉడకబెట్టం. పొడి గదిలో మొత్తం పనికి 710 వేయించడం డబ్బు దండగ. స్కర్టింగ్‌కు, అడుగు చెక్కకు, బాత్‌రూము గోడకు ఆనుకున్న వైపుకు మాత్రం వేయించండి. నేల తుడిచే తడిగుడ్డ రోజూ తగిలేది అక్కడే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పార్టికల్ బోర్డు జోలికి పోవద్దని నా సలహా. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దానికింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఎవరిదో, ఇంకా చెల్లుబాటులో ఉందో తెలుస్తుంది. దుకాణదారు ఎర్రటి షీటు చూపించి గర్జన్ ఫేస్ అంటాడు. రంగు పూసిన షీటు కూడా ఎర్రగానే ఉంటుంది, పైగా మైకా వేశాక ఎరుపు ఎవరికి కావాలి? గర్జన్ దుంగలు మనకు ఎక్కువగా బర్మా నుంచి వచ్చేవి. ఆ దేశం 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇవాళ మనం వాడే ప్లైలో చాలా భాగం హర్యానాలోని యమునానగర్, కేరళలోని పెరుంబావూరు వైపు నుంచి వచ్చే తోట కలపే. దానికి నామోషీ పడనక్కరలేదు. మందం మాత్రం కాలిపర్‌తో కొలిపించండి, పద్దెనిమిది అన్నది పద్దెనిమిదేనా అని.

మైకా విషయంలో ఒక్కటే పట్టుబట్టండి. షట్టరుకు రెండు వైపులా వేయాలి. బయట మైకా వేసి లోపల రంగు పూసి వదిలేస్తే చెక్క ఒకవైపు లాగి, ఆరున్నర అడుగుల తలుపు విల్లులా వంగుతుంది. తర్వాత హింజుల స్క్రూలు ఎంత తిప్పినా సరికాదు.

గోడ సంగతి. కొలత ఒకచోట తీస్తే చాలదు. కింద, నడుమ, పైన మూడుచోట్లా టేపు పట్టాలి, గుండు వేలాడదీసి గోడ నిలువు చూడాలి, మూలమట్టం పెట్టి మూల చూడాలి. ఏ గోడా నిటారుగా ఉండదు. అందుకే పెట్టెను గోడకంటే కాస్త చిన్నదిగా చేసి, మిగిలిన సందుకు ఫిల్లరు పట్టీని గోడ వంపు ప్రకారం చిత్రిక పట్టి కూర్చాలి. గోడ అలమర అందం, మేస్త్రీ చేతి పనితనం తెలిసేది ఈ అంగుళం దగ్గరే. వెనక గోడకూ పెట్టెకూ మధ్య కొంచెం గాలి సందు వదలాలి, బిగించే ముందు చెదల మందు కొట్టించాలి. స్విచ్‌బోర్డులు, ఏసీ పైపు, యూపీఎస్ బ్యాటరీ ఎక్కడున్నాయో డ్రాయింగులో గుర్తించాలి. బ్యాటరీ గడికి గాలి ఆడే జాలీ తప్పనిసరి. ఇక మొత్తం బరువు చూడండి. 150 ఫైళ్లు 450 కిలోలు, కబోర్డు సొంత బరువు ఇంకో రెండు వందల పైచిలుకు. స్కర్టింగ్ ముందు పట్టీ ఒక్కటే పెట్టి లోపల డొల్లగా వదిలితే కుదరదు, ప్రతి పార్టిషన్ కిందా ఆధారం ఉండాలి.

అద్దె ఆఫీసు వారికి వేరే ఆలోచన కావాలి. పదకొండు నెలల అగ్రిమెంటు మీద కూర్చుని గోడకు శాశ్వతంగా కట్టించుకోవడం సాహసమే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అద్దెదారు తాను బిగించినవి తన స్వాధీనంలో ఉండగా తీసుకుపోవచ్చు. అయితే ఆ చోటు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. చట్టం ఒప్పుకున్నా, మేకులు కొట్టి జిగురు పెట్టిన పెట్టె విప్పితే చెక్కముక్కలే మిగులుతాయి. కాబట్టి గడికొక పెట్టె చొప్పున మూడు విడి పెట్టెలు చేయించి, ఒకదానికొకటి బోల్టులతో కలిపించండి. పార్టిషన్లు రెట్టింపవుతాయి, షీటు ఎక్కువ పడుతుంది, ఒక్కో అరలో ఒక ఫైలు తగ్గవచ్చు. ఖాళీ చేసే రోజున వ్యాను ఎక్కించుకుని పోవచ్చు. అగ్రిమెంటులో కూడా ఒక వాక్యం రాయించుకోండి.

ఇక అసలు ధర. ఇది కట్టించుకునేవారికీ, పని చేసే కుర్రాళ్లకూ కలిపి చెబుతున్నాను. ముందు సరుకు: షీట్లు, మైకా, అంచు పట్టీలు, జిగురు. తర్వాత హార్డ్‌వేర్: మన కబోర్డులో ఆరు షట్టర్లకు నాలుగేసి చొప్పున 24 హింజులు, ఆరు హ్యాండిళ్లు, తాళాలు, అరల పిన్నులు. "బ్రాండెడ్ హార్డ్‌వేర్" అని రాస్తే ఏమీ రాయనట్టే. హెట్టిచ్చో, ఎబ్కోనో, ఏ కంపెనీదో, సాఫ్ట్ క్లోజ్ రకమో కాదో రాయాలి. తర్వాత కూలి: కోతకు ఎన్ని రోజులు, మైకాకు ఎన్ని, సైటులో బిగింపుకు ఎన్ని, ఎంతమంది. ఆ తర్వాత చాలామంది కుర్రాళ్లు మరచిపోయేవి ఉన్నాయి: రవాణా, మూడో అంతస్తుకు మోత, కొలతలకు తిరిగిన రోజులు, డ్రాయింగు, రంపం బ్లేళ్లు, షెడ్డు అద్దె, కరెంటు, పని అయ్యాక హింజులు సరిచేయడానికి వెళ్లే రాకపోకలు. ఇవన్నీ కలిపితే అసలు ఖర్చు. దానిమీద లాభం.

లాభంలో ఒక చిన్న మెలిక. ఖర్చు వంద రూపాయలైతే ఇరవై కలిపి నూట ఇరవై చెప్పి, నాకు ఇరవై శాతం మిగిలింది అనుకుంటారు. నూట ఇరవైలో ఇరవై అంటే పదహారున్నర శాతం చిల్లరే. బిల్లులో ఇరవై శాతం మిగలాలంటే నూట ఇరవై అయిదు చెప్పాలి. పెద్ద పనుల్లో ఈ తేడా ఒక మనిషి నెల జీతం అవుతుంది. దానిమీద జీఎస్టీ 18 శాతం విడిగా చూపించాలి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అనే మాటకు ఆడిటర్లు ఎలాగూ ఒప్పుకోరు, మిగిలినవారూ ఒప్పుకోకపోతే మంచిది. ఆరు నెలల్లో తలుపు ఊడితే అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

ప్లై, హార్డ్‌వేర్ దుకాణాలు మేస్త్రీకి కమీషన్ ఇవ్వడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే. నేను దాన్ని పెద్ద నేరంగా చూడను. దాన్ని దాచినప్పుడే సరుకు రకం దిగజారుతుంది. సరుకు మీరు కొనిస్తే కూలి రేటు కాస్త ఎక్కువే ఇవ్వండి, అప్పుడు ఎవరికీ చాటుమాటు అవసరం ఉండదు. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, అలాగని సరుకుకు కూడా చేతిలో పెట్టకుండా పని జరగలేదని గొడవ పెట్టుకోకండి. సరుకు దిగినప్పుడు కొంత, పెట్టెలు నిలబెట్టినప్పుడు కొంత, షట్టర్లు పడ్డాక కొంత ఇచ్చి, ఆఖరి భాగం అన్ని తలుపులూ తెరిచి మూసి చూసుకున్న తర్వాత ఇవ్వండి. మధ్యలో మీరే మనసు మార్చుకుని అర కాస్తా సొరుగు చేయమంటే దాని ధర అప్పుడే రాసుకోవాలి. గొడవలు ఎక్కువగా పుట్టేది ఇలా నోటిమాటగా చేర్చిన పనుల దగ్గరే.

ఇంటీరియర్ పనికి కొటేషన్ తెచ్చిన ప్రతివారినీ మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని షీట్లు పడతాయి? ఏ నంబరు ప్లై? లోతు ఎంత, ఎందుకంత? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాసిచ్చినవారి రేటు కాస్త ఎక్కువైనా పని వారికే ఇవ్వండి. పిలిచే ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. ఈ ఆదివారం మీ ఆఫీసుకు వెళ్లి, ఫైళ్లన్నీ లెక్కపెట్టి, ఒక ఫైలును టేపుతో కొలిచి, ఆ అంకెలు రాసి పెట్టుకోండి.